పేజీ తిప్పే చెయ్యి

మా ఆర్కెస్ట్రాలో స్వరాల పుస్తకం పెట్టుకోడానికి ఇద్దరికి ఒక స్టాండు. జనం వైపు కూర్చున్న మనిషి ఆపకుండా వాయిస్తూనే ఉంటుంది. లోపలివైపు మనిషి ఓ క్షణం ఆపి పేజీ తిప్పుతుంది. ఏళ్ల తరబడి నా పేజీలు సబీనా తిప్పింది. ఆ చెయ్యి నాదే అనుకునేంత అలవాటైపోయింది. ఇద్దరం వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలా వాయిస్తాం, అందులోనూ మొదటి స్టాండు. వయొలిన్ వాళ్లు మా మీద జోకులేసుకుంటారు, పోనీలెండి.

మొదట్లో సబీనా మగపేరుతో, టెయిల్‌కోటుతో కూర్చునేది. నిరుడు చలికాలం దాటాక సబీనా అని పేరు మార్చుకుని, జుట్టు పెంచుకుని వచ్చింది. వేరే కుర్చీ అడగమని నాకు సలహా ఇచ్చినవాళ్లు తక్కువమందేం కాదు. ముందు మీ శ్రుతి చూసుకోండి అన్నాను.

రిహార్సళ్లు బాగానే గడిచాయి. చిక్కంతా కచేరీ బట్టల దగ్గర వచ్చింది. ఆడవాళ్లకు నల్ల గౌను, మగవాళ్లకు టెయిల్‌కోటు. నా పాత గౌను కుట్లు విప్పి, భుజాల దగ్గర వదులు చేసి ఇచ్చాను. మా వంటింట్లో అది తొడుక్కుని సబీనా ఏడ్చింది. పొయ్యి మీద క్యాబేజీ ఆకుల్లో చుట్టిన సర్మాలె మాడిపోయాయి. ఆ గౌనులో ఒక్కసారి వేదికెక్కాలి, అంతే తన కోరిక.

కచేరీ సాయంత్రం మేనేజరు పెత్రాకే సబీనాను వెనక గుమ్మం దగ్గరే ఆపేశాడు. గుర్తింపు కార్డులో ఆడా మగా ఏముంటే ఆ బట్టలే అన్నాడు. గొంతు పెంచలేదు. టెయిల్‌కోటు ఇస్త్రీ చేయించి మరీ తెచ్చిపెట్టాడు. ఆ మర్యాద చూసి నాకు ఒళ్లు మండింది.

సబీనా కోటు వంక చూసి, నాతో మెల్లగా అంది. "ఇన్నాళ్లూ వేసుకున్నాను అక్కా. ఇక చేతులు దూరట్లేదు."

వయోలా పెట్టె భుజాన తగిలించుకుని వెళ్లిపోయింది. గంట మోగింది. కోపంతోనే వేదికెక్కాను. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

నెమ్మదిగా సాగే రెండో భాగంలో పాట వరస మొత్తం మా వయోలాలదే. పేజీ చివరికొచ్చాను. కమాను ఎత్తి చెయ్యి కోసం చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను. నన్ను చూసి వాయించే వెనకవాళ్లు తడబడ్డారు, పాట తెగిపోయింది.

అయ్యాక పెత్రాకే వచ్చాడు. ఇంత అనుభవం ఉండి పేజీ తిప్పడం మర్చిపోతారా అని అడిగాడు.

"నేనెప్పుడు తిప్పానండీ? తిప్పే మనిషిని మీరు గుమ్మంలోంచే పంపించేశారు," అన్నాను.

బయట దాన్యూబ్ నది మీంచి చలిగాలి కొడుతోంది. ట్రామ్ స్టాపులో సబీనా, గౌను మీద శాలువా కప్పుకుని నిలబడి ఉంది. ఇంటికి పోలేదట. టికెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చుందట.

"ఆ పేజీ దగ్గర నా చెయ్యి లేచింది అక్కా," అంది. "గాల్లోనే తిప్పేశాను. పక్కావిడ నన్ను చూసి జరిగి కూర్చుంది."

నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చెయ్యి పట్టుకున్నాను, మంచులా ఉంది. ట్రాము వచ్చినా ఇద్దరం ఎక్కలేదు.