ఒకే మందు, రెండు సలహాలు

రైతుల ఫోన్లకు సలహాలు పంపే రెండు సర్వీసులకూ బద్ధవైరమనీ, ఒకటి ఔనన్నదాన్ని రెండోది కాదనడమే వాటి పని అనీ రైతులందరి నమ్మకం.

మొదటి సర్వీసులో, నిపుణుల సలహాలను పొట్టి సందేశాలుగా కుదించే చెల్లెలికి ఆ ఉదయం అన్న ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీరేమో టమాటాకి మందు వెయ్యమన్నారు. ఆ రెండోవాళ్లు మందు ఆపమన్నారు. ఆకులు చూస్తే పసుపెక్కిపోయాయి. మీ కొట్లాటలో నా తోట నలిగిపోతోంది. మధ్యాహ్నం ట్రాక్టరు వస్తుంది, దున్నించేస్తా."

"అన్నయ్యా, కాస్త ఆగు!"

"ఆగి? మీ ఫోన్లు ముందేసుకుని కూర్చోనా?"

రెండో సర్వీసుకు ఫోన్ చేయడం ఆ గదిలో ఎవరికీ అలవాటు లేదు. అయినా ఆమె నంబరు వెతికి చేసింది. అక్కడ అదే పని చేసే ఆయన పలికాడు.

"మాతో మాట్లాడితే మీ ఉద్యోగం ఊడదు కదా?"

"ఊడితే మీ పక్కన కుర్చీ వెయ్యండి. టమాటాకి మందు ఎందుకు ఆపమన్నారు?"

"పురుగు తగ్గింది, ఇంకా కొడితే దండగ. మరి మీరెందుకు వెయ్యమన్నారు?"

"నేలలో నత్రజని తగ్గింది కనక."

ఇద్దరూ తాము పంపిన సందేశాలు పైకి చదివారు. రైతులు ఎరువును కూడా మందనే అంటారు కదా, చనువుగా ఉంటుందని ఆమె ఆ మాటే వాడింది. సందేశంలో అక్షరాలు పట్టక ఆయన "పురుగుమందు"లోంచి పురుగును తీసేశాడు.

"పురుగును భలే ఏరారండీ!" అంది ఆమె. ఇద్దరూ పగలబడి నవ్వారు.

వెంటనే అన్నకు చెప్పింది. "ఎరువు వెయ్యి, పురుగుమందు ఆపు. రెండు సలహాలూ నిజమే."

"ఆ ముక్క ముందే ఏడవచ్చు కదే!"

"ట్రాక్టరు?"

"గట్టు దాకా వచ్చింది. వెనక్కి పంపేస్తున్నా. డ్రైవరు తిడితే నీ పేరు చెబుతా."

"నిక్షేపంగా చెప్పు!" అని ఆమె కుర్చీలో చేరగిలబడి, అప్పటికే చల్లారిన టీని తృప్తిగా తాగింది.

ఆనాటి నుంచి ఏ సందేశమైనా రెండోవారు చదివాకే బయలుదేరాలనీ, వట్టి "మందు" అన్న మాట ఎక్కడా రాయకూడదనీ ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

ఇక ఆ బద్ధవైరం సంగతి. రెండు సర్వీసులకూ సలహాలు పంపేది ఒకే పరిశోధన కేంద్రం. ఆ ఉదయం ఇద్దరికీ అందినది ఒకే వాక్యం: "ఎరువు వెయ్యండి" అన్న ముందు సగం ఆమెకూ, "పురుగుమందు ఆపండి" అన్న వెనక సగం ఆయనకూ.