కారు షెడ్డులో లక్ష్మివారం

ఉప్పుకాగితం అరిగి నున్నబడిపోయింది. గౌరి దాన్ని పక్కన పారేసి, కొత్త ముక్క చింపి చెక్కకి చుట్టుకుని మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగింది. షావుకారి కారు షెడ్డు నేలంతా ఎపాక్సీ రంగు పూత తళతళలాడుతోంది. ఆ తళుకునంతా గీకి మసకబరిస్తే గాని, సాయంత్రం పైన వేసే క్లియర్ కోటు పట్టుకోదట. మెరుపు వేయించుకున్నదీ వాళ్ళే, గీకించేదీ వాళ్ళే, మళ్ళీ దానిమీద అంతకంటే మెరుపు కోరేదీ వాళ్ళే. డబ్బున్నవాళ్ళ ముచ్చట్లకి అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే మూడొందల రూపాయల ఆడకూలి చేతికి రాదు.

రాయగడలో తాతారావు షావుకారికి బియ్యం, పప్పుల హోల్‌సేలు వ్యాపారం. ఆయన కొన్న కొత్త కారు ఇంకా విశాఖపట్నంలోనే ఉంది. ఆదివారం మంచి ముహూర్తానికి ఇంటికొస్తుంది. రెండు రోజులైనా ఆరాలి కాబట్టి కోటు ఈ లక్ష్మివారమే పడిపోవాలి. మేస్త్రీ అసిరయ్యకి తెల్లారితే జేకేపూర్‌లో ఇంకో పని ఉంది.

పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నం దాటినా రాలేదు. దుమ్ము లాగే మిషను మూలన పడి ఉంది. గీకిన పొడి నేలంతా పరుచుకుంది. గౌరి మూతికి కట్టుకున్న తువ్వాలు తెల్లబడింది, దగ్గితే గొంతులో గరుకు తగులుతోంది. ఆమె భయం మాత్రం దగ్గు గురించి కాదు. తోటి కూలి పుణ్యవతికి పట్టిన గతి తనకీ పడుతుందేమోనని.

కిందటి నెల ఓ మోటారు షాపులో ఇదే పని చేశారు. అసిరయ్య తొందరపడి దుమ్ము మీదే కోటు లాగించేశాడు. తెల్లారేసరికి నేలంతా గోధుమరవ్వ చల్లినట్టు తేలింది. నేల సరిగ్గా తుడవలేదని నింద పుణ్యవతి మీద పడింది. ఆ మాట ఊళ్ళో మేస్త్రీలందరికీ పాకింది. ఎవరూ పనికి పిలవక, పుణ్యవతి పిల్లల్ని తీసుకుని ఇటుక బట్టీలకి వలసపోయింది. గౌరికి ఆ దారి కూడా లేదు. పరంజా మీంచి పడి తుంటి విరిగిన మొగుడు కన్నారావు దసరా నుంచీ మంచంలోనే ఉన్నాడు. అతన్ని వదిలి ఏ బట్టీకి పోతుంది? ఈ పని పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

దీపాలవేళకి కరెంటొచ్చింది. అమ్మయ్య అనుకుని గౌరి మిషను ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే షావుకారి తల్లి సుభద్రమ్మ షెడ్డు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

మార్గశిరం వస్తే ఆ వీధిలో ఒడియావాళ్ళు వాకిళ్ళలో బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు దిద్ది లక్ష్మివారాల్లో గురుబార పూజలు చేస్తారు. తెలుగు షావుకార్లూ ఏమీ తీసిపోరు. సుభద్రమ్మ పొద్దుటి నుంచి మడితో ఉంది, ఇప్పుడే అవతల తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చింది. చెడ్డ మనిషని చెప్పడానికి లేదు. మధ్యాహ్నం గౌరికి ఆకునిండా పులిహోర పెట్టింది కూడా.

"ఏటే అమ్మీ, ఆ మిషనెందుకు ఎత్తుతున్నావు?"

"దుమ్ము తీసీవాల అమ్మగారూ."

"దీపం పెట్టీసేను కదే. మార్గశిర లక్ష్మివారం పూట ఇప్పుడు ఊడిస్తే లక్ష్మి ఇంట్లో నిలుస్తాదా?"

"ఇది సీపురు కాదమ్మగారూ, మిషను."

"ఏదైతేనేటి? ఇంట్లోది బైటికి లాగీడమే కదా. పొద్దున్న తీసుకో."

పొద్దున్న దాకా ఆగేదెవరు? అసిరయ్య అప్పటికే గుమ్మం బయట కోటు బకెట్లో గట్టిపడే మందు కలిపేశాడు. కలిపాక అరగంటలో పోసెయ్యాలి, లేకపోతే బకెట్లోనే రాయైపోతుంది. అతను పెద్దావిడకి చేతులు జోడించాడు.

"మీరెలా సెప్తే అలాగేనమ్మా. ఒలే గౌరీ, ఇవతలికి రా. కోటు ఎయ్యాల."

"దుమ్ము అలాగే ఉంది బాబూ. కాలెడితే అచ్చు పడతంది."

"రోలరు కింద అణిగిపోతాది లే."

"పుణ్యవతప్పకి అణిగిందేటి?"

అసిరయ్య రోలరు పిడి బిగించుకున్నాడు.

"గరుకు తేలితే సావుకారికి ఏటని సెప్తావు?" గౌరి మళ్ళీ అడిగింది.

"దుమ్ము తీసీది నువ్వే కదే."

కోపంగా కూడా అనలేదు. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అన్నాడు. గౌరి సుభద్రమ్మ వైపు తిరిగి, "అమ్మగారూ, మీరే వద్దన్నారని బాబుగారికి ఓ మాట సెప్తారా?" అంది.

"మీ పనుల గొడవ నాకేటి తెలుసే? మధ్యలో నా పేరు తేకు." సుభద్రమ్మ ముఖం చిట్లించుకుంది.

ఇద్దరూ పెద్దవాళ్ళే. ఒకరు తియ్యొద్దన్నారు, ఒకరు రేపు తనే తియ్యలేదంటారు. మంచంలో ఉన్న మనిషి కళ్ళముందు మెదిలాడు గౌరికి. ఏడుపొచ్చింది. కాళ్ళు మాత్రం గుమ్మం వైపు కదల్లేదు.

"మా ఇంట్లో నాను దీపం ఎట్టినాకే ఊడుస్తానమ్మగారూ," అంది. "పొద్దల్లా మీ ఇళ్ళల్లోనే ఉంటాను. మరెప్పుడూడవాల? మీ లచ్మి ఎల్లిపోతాదని నా కూడు తీసీమంటే ఎలాగ? నానిది తియ్యనిదే ఈ నేల మీద కోటు పడనివ్వను."

"ఎర్రెక్కిందేటే నీకు?" అసిరయ్య రోలరుతో లోపలికి ఒక అడుగు వేశాడు. ఆ అడుగు అచ్చు తెల్లటి దుమ్ములో స్పష్టంగా తేలింది.

గౌరి వంగి స్విచ్చి నొక్కింది.

మిషను షెడ్డంతా అదిరేలా అరవడం మొదలుపెట్టింది. గుమ్మంలో సుభద్రమ్మ నోరు కదులుతోంది, అసిరయ్య చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు. ఎవరి మాటా వినబడటం లేదు. గౌరి అవతలి గోడ మూల నుంచి మొదలుపెట్టింది.