ఫైర్‌వాల్ తీయమన్నది ఎవరు

నేనెవరినీ ఊరికే తిట్టను. నా పెద్దకొడుకుని మాత్రం తిడతాను. కన్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

వాడికి రక్తపరీక్షలు, స్కానింగులు చేసే ల్యాబ్ ఉంది. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి టోకెన్లివ్వడం నా పని. చదివింది మూడో తరగతే అయినా ఎవరు ఏ నంబరు మీద వచ్చారో, ఏ చెయ్యి చాపి సూది పొడిపించుకున్నారో నాకు మరుపు రాదు. లోపల ఎనిమిది కంప్యూటర్లున్నాయి. వాటిని చూసుకునేది నా కూతురి కూతురు, అంటే వాడికి మేనకోడలు.

మూడు నెలల కిందట, బయటి నుంచి దొంగ ప్రోగ్రాములు రాకుండా ఏం పెట్టాలన్న మాట వచ్చింది. టై కట్టుకున్నవాడొకడు హార్డ్‌వేర్ ఫైర్‌వాల్ అంటూ ఇటుకంత డబ్బా తెచ్చి చూపించాడు. ఇంటర్నెట్ వైరు ముందు దాంట్లోకొచ్చి, ఆ తర్వాతే లోపలికి పోతుందట. మావాడు మురిసిపోయి కొనేశాడు. దాన్ని లోపలెక్కడైనా పెట్టాడా, లేదు. వచ్చిపోయేవాళ్ళందరికీ కనపడాలని నా నెత్తిమీద అరలో, పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటుంటే పెళ్ళికొడుకులా కూర్చోబెట్టాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రతి కంప్యూటర్లోనూ అంతకుముందే సాఫ్ట్‌వేర్ ఫైర్‌వాల్ ఉంది. స్కానింగ్ గది నుంచి బొమ్మలు టైపిస్టు దగ్గరికి పోతుంటే అది అప్పుడప్పుడూ అడ్డుపడి, రానివ్వమంటావా వద్దా అని అడిగేది. టైపిస్టు విసుక్కునేవాడు. డబ్బా వచ్చింది కదా, ఇక ఇవెందుకు, తీసెయ్యమన్నాడు మావాడు. పిల్ల ఒప్పుకోలేదు. డబ్బా వీధిలోంచి వచ్చేదాన్నే చూస్తుంది, ఈ గదిలోంచి ఆ గదికి పోయేదాన్ని చూడలేదు, రెండూ ఉండాలి, అడ్డుపడకుండా నేను సరిచేస్తాను, రెండు రోజులివ్వమని బతిమాలింది. నిన్నగాక మొన్న పుట్టి నాకు చెప్పొచ్చావా అని కసిరాడు. ఏం చేస్తుంది, తీసేసింది. తన ఒక్కదాని కంప్యూటర్లో మాత్రం ఉంచుకుంది.

పోయిన బుధవారం స్కానింగ్ డాక్టరు ఇంటి నుంచి తన ల్యాప్‌టాప్ తెచ్చుకుని, లోపలి గది గోడకున్న వైరు తగిలించాడు. దాంట్లో ఏ పురుగుందో ఏమో. అది డబ్బా ముందు నుంచి రాలేదు కదా, డబ్బాకేం తెలుస్తుంది? టీ చల్లారేలోగా ఏడు కంప్యూటర్లలో ఒక్క రిపోర్టూ తెరుచుకోకుండా పోయింది. నా నెత్తిమీద దీపాలు మాత్రం హాయిగా వెలుగుతున్నాయి.

ఆదివారం దాకా ఉన్నవన్నీ పిల్ల వేరే డిస్కులో దాచింది కాబట్టి బతికాం. మూడు రోజులవి పోయాయి. అరవై ఒక్కమందిని మళ్ళీ పిలిచి సూది పొడవాలి. అందులో మంచం దిగలేనివాళ్ళు ఇద్దరు.

అప్పుడు నా కొడుకు చేసిన ఘనకార్యం వినండి. ఫైర్‌వాల్ తీసేసింది నేనే, నా నిర్లక్ష్యమే, క్షమించండి అని మేనకోడలి పేరు మీద ఒక కాగితం టైపు చేయించి, సంతకం పెట్టమన్నాడు. మాకు పేషెంట్లని పంపే డాక్టర్లందరికీ దాన్ని పంపుతాడట. ఆ కాగితం బయటికి వెళ్తే ఆ పిల్లకి ఇంకెవరు పనిస్తారు?

పిల్ల పెన్ను ముట్టలేదు. "మీరు తీయమంటేనే తీశాను మామయ్యా."

"నేనెప్పుడన్నాను? నీది భద్రంగా కాపాడుకుని మావి గాలికొదిలేశావు."

టైపిస్టు నేల చూస్తున్నాడు. డాక్టరు ఫోను చూస్తున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎప్పుడన్నావో నేను చెప్తా వినరా. మూడు నెలల కిందట, డబ్బా వచ్చిన వారం మంగళవారం. నలభై మూడో టోకెను, చేతికి కట్టుతో ఓ పిల్ల వచ్చింది. స్కానింగ్ ఆలస్యమైందని వాళ్ళమ్మ నా మీద అరిచింది. నువ్వొచ్చి ఈ బల్ల గుద్ది, తీసెయ్యమన్నావు. ఆ రోజు నీ చొక్కాకి రెండో గుండీ లేదు."

"కంప్యూటర్ల సంగతి నీకేం తెలుసమ్మా?"

"నాకు తెలిసింది నీ సంగతి. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి చెల్లెలి మీద పెట్టావు. ఇప్పుడిది దాని కూతురి మీద పెడుతున్నావు. వీధి తలుపుకి తాళం వేశామని రక్తం దాచే గది తాళం పారేస్తావట్రా?"

టైపిస్టు మెల్లగా నా టోకెన్ల పుస్తకం తిరగేశాడు. ఆ మంగళవారం, నలభై మూడు, నా వంకర అక్షరాల్లో 'చేతికట్టు పిల్ల' అని ఉంది. నేనూ విన్నాను సార్ అన్నాడు, తల ఎత్తకుండానే.

మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయి అన్నిట్లో ఫైర్‌వాల్ పెట్టు అన్నాడు పిల్లతో. తప్పయిందన్న ముక్క లేదు. అది కదల్లేదు.

"ఫైర్‌వాల్ మీరే తీయించారని రాసివ్వండి మామయ్యా. ఇకమీదట నన్నడక్కుండా తీయించననీ, బయటి ల్యాప్‌టాప్ తగిలించనివ్వననీ రాయండి. అప్పుడు లోపలికెళ్తాను."

వాడు నా వైపు చూశాడు. నేను టోకెన్లు సర్దుకుంటున్నాను. చివరికి రాశాడు, పెన్ను ఎంత గట్టిగా నొక్కాడో కాగితం చిరిగింది. పిల్ల రెండుసార్లు చదివి, కింద డాక్టరుగారిచేత కూడా సంతకం పెట్టించింది. డబ్బా పీకెయ్యమంటావా అని గొణిగాడు మావాడు. అదీ ఉండాలి, కాకపోతే తాళం ఉన్న గదిలో ఉండాలంది.

మళ్ళీ సూది ఎందుకో వచ్చిన ప్రతివాళ్ళకీ వాడే స్వయంగా చెప్పాలని నేను పట్టుబట్టాను. ఇప్పటికి ఇరవై నాలుగు మందికి చెప్పాడు. మిగిలిన ముప్పై ఏడుమందికీ చెప్పేదాకా నేను వాడితో మాట్లాడను.