అక్క బొంతకి అడుగుగుడ్డ

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి, ఆ వెనక గుసగుసలు కట్టిపెట్టండి, తుమ్మొచ్చేవాళ్ళు బయటికెళ్ళి తుమ్మేసి రండి, చెల్లెలు గుడ్డల కొట్లో నిలబడి ఆలోచిస్తోంది, మధ్యలో ఎవరైనా దగ్గారంటే ఆ ఆలోచన పుటుక్కున తెగుతుంది, తెగినచోట ముడెయ్యడం ఆవిడకే రాదు, ఇక మనకేం వస్తుంది, ఊఁ, వినండి, నీలం అయితే మాపు కనపడదు కానీ నీలం చూస్తేనే చలేస్తుంది, చలికి కప్పుకునేదానికి చలేసే రంగు ఎందుకు, ఆ బూడిదరంగుది బాగుంది, బాగుందా, ఆసుపత్రి గోడలా లేదూ, వద్దు, అక్క ఆ గోడనే చూసి చూసి వచ్చింది, పోనీ పువ్వులది, పువ్వులు మరీ పెద్దవి, ఒక్కో పువ్వు పళ్ళెమంత ఉంది, అలాంటి పువ్వు నిజంగా పూస్తే మొక్క నడుం విరిగి మంచాన పడుతుంది, అని తనలో తనే నవ్వుకుని, మంచాన పడుతుంది దగ్గరే ఆ నవ్వు ఆగిపోయి, ఇదంతా నా నెత్తిన ఎందుకొచ్చింది, అడుగుగుడ్డ ఎంచడం నా పనా, ఏనాడైనా నా పనా, ఇంట్లో కూర్చుని బొంతలు కుట్టడం మొదలెట్టిన నాటినుంచీ పైముక్కలు తనవి, అడుగుగుడ్డ అక్కది, రంగురంగుల ముక్కలు కత్తిరించి అతికి పైభాగం తయారుచేసేది చెల్లెలు, మధ్యలో దూది పరిచాక కింద ఏ గుడ్డ వెయ్యాలో తేల్చేది అక్క, వచ్చినవాళ్ళంతా పైభాగం చూసి ఆహా ఓహో అనేవాళ్ళు, తిరగేసి చూసిన పుణ్యాత్ములు ఒక్కరు లేరు, అక్క మాత్రం, పోన్లేవే, నీది మొహం నాది వీపు, దురదేస్తే నా దగ్గరికే రావాలి, అనేది.

పెద్దావిడ రాలేదేమ్మా అని కొట్టాయన తాను మీద తాను దింపుతూ అడిగాడు, ఆసుపత్రినుంచి ఇంటికొచ్చేసిందండీ అంది చెల్లెలు, ఆ గొంతులో ఎంత హుషారు పోసిందంటే పక్కకొట్లో గాజుసామాన్లు గలగలమన్నాయి, డాక్టరుగారే చెప్పారండీ, ఇంక ఇక్కడ ఉంచక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్ళండి, ఏది తింటానంటే అది పెట్టండి, ఎవర్ని చూస్తానంటే వాళ్ళని పిలిపించండి అని, ఎంత మంచి డాక్టరో చూడండి, ఇన్నాళ్ళూ ఉప్పు వద్దు తీపి వద్దు అని నోరు కట్టేసిన మనిషి ఒక్కసారిగా అన్నీ పెట్టమన్నాడంటే తగ్గినట్టేగా, కొట్టాయన చేతిలో తాను గాల్లోనే ఆగింది, ఆగి, అలాగామ్మా, మంచిదమ్మా, అన్నాడు, మంచిదమ్మా అన్నవాడు మొహం అలా పెట్టుకుంటాడా, బావ కూడా అంతే, డాక్టరు గదిలోంచి వస్తూ తను చిన్నపిల్లలా ఎగురుతుంటే, అక్క మొగుడు అన్నవాడు సంతోషించాలా వద్దా, అలాగేలే మరదలా, పద, అన్నాడు, ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నూనెడబ్బా పట్టుకుని అక్క గది తలుపు బందులకి చుక్కలు వేస్తూనే ఉన్నాడు, ఆ తలుపు ఇప్పుడు ఎంత మెత్తగా తిరుగుతోందంటే ఈగ వాలితే మూసుకుంటోంది, ఈగ లేస్తే తెరుచుకుంటోంది, అయినా వేస్తూనే ఉన్నాడు, ఎందుకు బావా అంటే చప్పుడవుతోందమ్మా అంటాడు, ఏ చప్పుడు, ఎక్కడి చప్పుడు, ఈ మగాళ్ళకి మంచివార్త వస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

సరే, గుడ్డ చూడు, గుడ్డ చూడవే ముందు, అక్క ఎలా చూసేది, ముందు వెడల్పు, వెడల్పు చాలకపోతే మధ్యలో అతుకు పడుతుంది, అతుకు పడితే కప్పుకున్నవాళ్ళ ఒంటికి తాడులా తగుల్తుంది, ఒకావిడ పీనాసితనం చేసి రెండు తుండుముక్కలు తెచ్చిస్తే అక్క వాటిని అటూ ఇటూ తిప్పి, వేస్తానమ్మా, నాకేం, ఈ అతుకు కింద పడుకుంటే మీ ఆయనకి నడుమ్మీద గీత పడి తెల్లారేసరికి రెండు ముక్కలై లేస్తాడు, ఏ ముక్కకి కాఫీ ఇవ్వాలో ఇప్పుడే అనుకుని ఉంచండి, అంటే ఆవిడ అప్పటికప్పుడు వెళ్ళి అతుకులేని ఒకే గుడ్డ తెచ్చింది, తర్వాత గంజి, అరచేతుల మధ్య నలిపితే పొడి రాలిందా, అది గుడ్డ కాదు, గుడ్డ వేషం, తర్వాత రుమాలు కొన తడిపి రుద్దాలి, రంగు అంటిందా, అవతల పెట్టు, ఆఖర్న చెంప, చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకునేది అక్క, ఎంతసేపంటే ఈ కొట్టాయనే ఓసారి, అమ్మా, దిండు కూడా తెమ్మంటారా అన్నాడు, అన్నీ గుర్తున్నాయి, వరసలో గుర్తున్నాయి, కానీ చెంపకి ఆనించుకున్నప్పుడు అక్కకి ఏం తెలిసేదో అది ఎప్పుడూ అడగలేదు, అడగాల్సిన పని పడలేదు, అక్క ఉందిగా.

ఒక్కసారి, అక్కకి జ్వరమొచ్చి పడుకుంటే, తనే తొందరపడి, అక్క పెట్టిన పేరే తొందరపిల్ల, కొత్తగుడ్డ నీళ్ళలో నానబెట్టకుండా, ఆరెయ్యకుండా, అలాగే తెచ్చి టీచరమ్మ బొంతకి అడుగు వేసేసింది, చూడ్డానికి చిలకలా ఉంది, మొదటి ఉతుక్కే అడుగుగుడ్డ కురచైపోయింది, పైభాగం మాత్రం ఉన్నంతా ఉంది, పాపం ఎక్కడికి పోతుంది, నాలుగువైపులా పైకి లేచి బొంత కాస్తా గంగాళం అయింది, అందులో పిల్లి దిగి పిల్లల్ని పెట్టింది, వానొస్తే ఆ పిల్లికుటుంబం అందులోనే వీధి చివరిదాకా తేలుకుంటూ పోయింది, టీచరమ్మ గొడవకొస్తే అక్క చేతిలో కుట్టు ఆపకుండానే, అమ్మా, మేము బొంత డబ్బులే తీసుకున్నాం, పడవ ఊరికే ఇచ్చాం, అంది, టీచరమ్మ నవ్వి ఊరుకుంది, ఆవిడ వెళ్ళాక మాత్రం, కొత్తగుడ్డకి బొంకడం అలవాటే, నీళ్ళలో ముంచితేనే నిజం చెబుతుంది, నెమ్మదిగా ఉండవే, నీకేం తొందర, అంది, జీవితమంతా అదే మాట, నెమ్మది, నెమ్మది, అన్నం దగ్గర నెమ్మది, మెట్ల మీద నెమ్మది, మరి ఇవాళ పొద్దున, అక్కా, నీకోసమే కుడుతున్నా, ఆసుపత్రి దుప్పట్లు ఒంటికి గుచ్చుకుంటున్నాయన్నావుగా, పైభాగం అయిపోయింది, ఇక అడుగుగుడ్డ తెస్తే చాలు, అంటే, అక్క కళ్ళు తెరవకుండానే, తొందరగా కానియ్యి మరి, అంది, తొందరగా అంది, అక్క అంది, చలికి ఆగలేక అనుంటుందిలే, ఆ బూడిదరంగుది ఇంకోసారి చూపించండి.

నిన్న పైభాగాన్ని చట్రానికి బిగించి, సరిగ్గా ఉందో లేదో చూద్దామని నాలుగు కచ్చాకుట్లు వెయ్యబోయింది, వాళ్ళ చట్రం బల్లంత ఎత్తు, పైన చెల్లెలు, కింద పీట మీద అక్క, చెల్లెలు సూది కిందికి దించితే అక్క అందుకుని పక్కన పైకి పొడిచేది, మధ్యలో గుడ్డ, ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనపడదు, మాటలే, పైలోకంలో ఏం విశేషాలే అని కిందనుంచి అక్క, వాన పట్టేలా ఉంది, పాతాళంలో అందరూ క్షేమమేనా అని పైనుంచి తను, ఇక్కడికేం, ఒక చీమ నాతో మాట్లాడ్డం మానేసింది అని అక్క, అలా నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఎన్ని బొంతలు, ఎంతమంది వెచ్చగా పడుకున్నారు, నిన్న కూడా అలాగే సూది దించింది, దించి ఆగింది, సూది పైకి రాలేదు, వేలు చాచుకుని, అలాగే, గుడ్డ మీద ఎక్కడ మొన కనపడుతుందా అని చూస్తూ కూర్చుంది, అందుకోవే, అని కూడా అంది, పైకే అంది, తర్వాత తనే చట్రం కిందికి దూరింది, ఇన్నేళ్ళలో మొదటిసారి, దారం కొసన సూది వేలాడుతూ మెల్లగా తిరుగుతోంది, పైన తను అంత ముచ్చటపడి అతికిన ముక్కలకి వెనకవైపు దారప్పోగులు, ముడులు, వెలిసిన రంగులు, ఓహో, ఇన్నాళ్ళూ అక్క చూసింది ఇదా అనుకుంది, ఇది చూస్తూనా అంతలా నవ్వించింది.

అమ్మా, మీరు చూసి చూసి గుడ్డలు పాతబడిపోయేలా ఉన్నాయి అన్నాడు కొట్టాయన, వెటకారమే, కానీ గొంతు మాత్రం మెత్తగా ఉంది, ఇంకో పల్చటి తాను తెచ్చి దీపం కింద విప్పాడు, గులాబీరంగో గోధుమరంగో తెలీని రంగు, మెత్తనంటే అదీ మెత్తన, చెయ్యి వేస్తే చెయ్యి ఎక్కడుందో మర్చిపోయేంత, చెల్లెలు అక్కలాగే చెంపకి ఆనించుకుంది, కళ్ళు మూసుకుంది, తీసి చూస్తే గుడ్డ మీద తడిమచ్చ, వేలికి రంగు, రంగు పోతోందే, రుమాలు ఇంకా తడపలేదుగా, తడి ఎక్కడిది, అని మొహం తడుముకుంటే అప్పుడు తెలిసింది, కొట్టాయన అందుకుని, అది అస్తరు గుడ్డమ్మా, లోపల కుట్టడానికి తప్ప పనికిరాదు, ఒక్క ఉతుక్కే పీచుపీచైపోతుంది, ఇంతకీ మీ బొంత ఎన్ని ఉతుకులు ఆగాలో చెప్పండి, దానికి తగ్గది తీస్తాను, అన్నాడు ఆయన, మామూలు ప్రశ్నే, గుడ్డలు అమ్మేవాళ్ళు అందర్నీ అడిగేదే, చెల్లెలు చెబుదామని నోరు తెరిచింది, చలి పోయి ఎండలు రాగానే ఒకసారి ఉతకాలిగా, పెరట్లో పెద్ద తొట్టిలో నానేసి, తడిసిన బొంత అంటే దున్నపోతు, ఒక్కరి వల్ల అవుతుందా, చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలి తిప్పాలి, అక్క అటు తిప్పుతూ తిప్పుతూ ఉన్నట్టుండి లాగేది, తను వెళ్ళి తొట్లో పడేది, ఆ రోజు ఎలా ఉంటుందో చూద్దామని కళ్ళముందు పెట్టుకుంది, ఎండ వచ్చింది, తొట్టి వచ్చింది, బొంత వచ్చింది, ఈ కొస తన చేతుల్లో ఉంది, ఆ కొస, ఆ కొస నేలమీద ఉంది, అక్కని నిలబెట్టింది అక్కడ, ఇప్పుడున్న మణికట్టు, రెండువేళ్ళ మధ్య పట్టేంత మణికట్టు, తడిగుడ్డ బరువుకి వదిలేసింది, బావని నిలబెట్టింది, బావ చేతిలో నూనెడబ్బా ఉంది, దించలేదు, పక్కింటావిడని పిలిచింది, ఆవిడ గుమ్మందాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడింది, అందరూ నిలబడ్డారు, ఎండ బాగానే కాస్తోంది, బొంత అసలు తడిసే లేదు, పొడిగా, మడతపెట్టి, పరుపు తీసేసిన మంచం మీద ఉంది.

ఏది తింటానంటే అది పెట్టండి, ఎవర్ని చూస్తానంటే వాళ్ళని పిలిపించండి, మంచి డాక్టరు, పాపం ఎంత నెమ్మదిగా చెప్పాడు, అందరికీ అర్థమైంది, బావకి అర్థమైంది, తలుపుకి కూడా అర్థమైంది, ఈ కొట్టాయన తాను చేతిలో పట్టుకుని అక్కడే అర్థం చేసుకున్నాడు, అక్కకి అందరికంటే ముందే, తనొక్కతే వెడల్పులూ గంజులూ చూసుకుంటూ, మాపు కనపడని రంగు కావాలని, ఏళ్ళపాటు ఆగే గుడ్డ కావాలని, మాపు పట్టడానికి రోజులు ఏవీ, ఆగడానికి ఏళ్ళు ఏవీ, ఈ బొంతకి ఉతుకు లేదు, అంతే, ఉతికే రోజు ఇక లేదు, కన్నీళ్ళు వస్తాయేమోనని చూసింది, రాలేదు, ఇందాకే వచ్చేసినట్టున్నాయి, లోపల మాత్రం చట్రం కింద సూది వేలాడినట్టు ఏదో మెల్లగా తిరుగుతోంది, ఆ పల్చటిదే కొయ్యండి, అంది, అమ్మా, చెప్పానుగా అది ఉతికితే, అనబోయాడు ఆయన, ఉతకమండీ, అంది, ఆయన తల వంచుకుని కత్తెర తీశాడు, ఎప్పుడూ కరకరలాడే కత్తెర ఆ గుడ్డ మీద చప్పుడే చెయ్యలేదు, కిటికీతెరల గుడ్డకోసం వచ్చి స్టూలు మీద తన వంతుకి కూర్చున్న లావుపాటి ముసలావిడ మాత్రం ఆ ఆఖరిమాట ఒక్కటే విని, మెచ్చుకోలుగా తల ఆడించి, మంచి పని చేస్తున్నావమ్మా, మా ఆయన స్వెట్టరు కొన్ననాటినుంచీ ఉతకలేదు, ఇప్పుడది విప్పి మూల పెడితే దానంతటదే నిలబడుతుంది, మొన్నైతే నేను ఇంట్లో లేనప్పుడు ఎవరో వస్తే తలుపు కూడా తీసిందట, అంది.