తెల్లచొక్కాని చూసి చాలన్న కన్ను

నేను ఒక పాత ఫిలిం కెమెరాని. ఫోకస్ చేత్తో తిప్పాలి, రీలు చేత్తో లాగాలి. ఒక్క ఫ్లాష్ దగ్గర మాత్రం పెత్తనం నాది. పుట్టింది జపానులో. విశాఖ రేవులో దిగిన ఓడ మనిషి దగ్గర్నుంచి, టెక్కలిలో స్టూడియో నడిపే తవిటయ్య చేతికి వచ్చాను.

నా పనితనం చెప్తా, వినండి. బటన్ నొక్కగానే తెర తెరుచుకుంటుంది, ఫ్లాష్ వెలుగుతుంది. ఆ వెలుగు మనుషుల మీద పడి, నా లెన్సులోంచి లోపలికొచ్చి ఫిలింని తాకుతుంది. నా కడుపులో అడుగున చిన్న కన్ను ఉంది. అది మీకేసి చూడదు, ఫిలింకేసి చూస్తుంది. సరిపడా వెలుగు పడిందనిపిస్తే ఫ్లాష్ నోరు నొక్కేస్తుంది. ఇదంతా మీరు రెప్ప వేసేలోపే. దూరం కొలిచి లెక్కకట్టే బాధ తప్పిందని తవిటయ్య నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరికి సరిపడా? అదెవరూ అడగలేదు.

దసరాకి ఉప్పుమడుల గోదాంలో ఆయుధపూజ. పారలకి, గంపలకి బొట్లు పెట్టాక గ్రూపు ఫోటో. ముందు కుర్చీలో కంట్రాక్టరు, మల్లెపువ్వులాంటి చొక్కా, పంచె. వెనక చీకట్లో ఎండకి మాడిన ఆడవాళ్ళు. నా కన్ను ఆ తెలుపుని చూసేది, చాలనేది, ఫ్లాష్ ఆపేసేది. బాబుగారి చొక్కా బొత్తాలతో సహా వచ్చేది. వెనకున్నవాళ్ళు మసిమరకలు.

"నల్లగున్నారు గదే, కెమెరా ఏటి సేస్తాది? పౌడరు రాసుకోండి" అనేవాడు తవిటయ్య. ఒక ఏడాది ముసలి దాలమ్మ నిజంగానే రాసుకుంది. ఫోటోలో ఆమె ముఖం బూడిద ముద్దలా వచ్చింది. మడులన్నీ నవ్వాయి. ఆమె నవ్వలేదు.

మరుసటి దసరా ముందు స్టూడియోకి వచ్చి, ఆ ఫోటో బల్ల మీద పడేసింది.

"ఓరి తవిటీ! కళ్ళు మసకలొచ్చీసినాయి. వచ్చే ఏడు మడిలోకి దిగను. నాను సచ్చినాక మావోలు గోడకేటి తగిలిస్తారు? ఈ మసా?"

"నీకొక్కదానికీ ఇక్కడే తీసిస్తానే అత్తా, కూకో."

"నానొక్కదాన్నీ ఎందుకురా? నాతోటి ఉప్పు లాగినోలందరూ ఉండాల. మరి ఆ తెల్లపంచి బాబుని లెగమంటావా?"

"అమ్మో! నా స్టూడియో లెగిసిపోద్ది."

"అయితే నువ్వూ నీ కెమెరా ఆ బాబుల కోసమే పుట్టినారన్నమాట."

ఆ మాట ఇద్దరికీ తగిలింది. ఆమె వెళ్ళాక తవిటయ్య పాత నెగెటివులన్నీ దీపానికెత్తి చూశాడు. ముఖాలుండాల్సిన చోట ఏమీ లేదు. నెగెటివులో లేనిది ప్రింటులో ఎక్కడినుంచి వస్తుంది? తప్పు నలుపుది కాదు, నాది. ఇన్నేళ్ళూ దోషమంతా వాళ్ళ చర్మం మీదికి తోసి, పౌడరు డబ్బా చేతికిచ్చారు. సిగ్గుండాలి.

దసరా నాడు బాబుగారు ఎప్పటిలాగే కుర్చీలో కూర్చున్నారు. తవిటయ్య నా నెత్తిమీద ఫిలిం నంబరు చెప్పే చక్రం తిప్పాడు. లోపల ఉన్నది వంద నంబరు ఫిలిం. చక్రం మీద పెట్టింది ఇరవై అయిదు. అంటే నాకు అబద్ధం చెప్పాడు, ఈ ఫిలిం మందకొడిది, వెలుగు ఎక్కువ కావాలని. నేను నమ్మాను. తెలుపు కనబడినా ఆగలేదు. ఫ్లాష్ ఉన్నదంతా కక్కింది.

ఫోటో వచ్చింది. బాబుగారి చొక్కాలో బొత్తాల్లేవు, మడతల్లేవు, ముఖం వెలిసిపోయిన గోడ. వెనక పద్నాలుగు మంది ఆడవాళ్ళు, ముక్కుపుడకలతో సహా. మధ్యలో దాలమ్మ, గెడ్డం పైకెత్తి.

"నా మొగమేదిరా?" అని కంట్రాక్టరు ఫోటో విసిరికొట్టాడు. పై ఏడాది నుంచి వేరే ఫోటోగ్రాఫరు. దాలమ్మ ఆ ఫోటోని కళ్ళకి ఆనించుకుని చాలాసేపు చూసింది. "మా యమ్మలాగే ఉన్నానురా" అంది.

ఇప్పుడు నేను స్టూడియో బీరువాలో ఉన్నాను. బ్యాటరీ కారి లోపలి కన్ను పోయింది. రీళ్ళు అమ్మేవాళ్ళూ లేరు. తీసిన పెళ్ళిళ్ళన్నీ కలిసిపోయాయి, ఎవరు ఎవరో తెలియదు.

ఒక్కటి మాత్రం చెరగదు. దాలమ్మ పోయిన రోజు తవిటయ్య నన్ను మెడలో వేసుకుని వెళ్ళాడు. ముఖం ఆనవాలుండాలని శవాన్ని కూర్చోబెట్టి ఫోటో తీయించడం అక్కడి ఆనవాయితీ. ఆయన మూత తీయబోతుంటే కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. గోడకేసి చూపించింది.

"అక్కర్నేదు బాబూ. మాయమ్మ మొగం మాకాడుంది."

తవిటయ్య నా మూత మళ్ళీ పెట్టేశాడు.