ఫెన్నా చేసిన మారకం

సతుర్నీనాకు ఒళ్లు మండిపోతోంది. కోడి కూయకముందే బరువులు మోసే రెండు లామాల మీద ఎండుదుంపల మూటలు కట్టిన మనిషి తను. పొద్దు నడినెత్తికి రాకముందే లోయ సంతకు చేరి, దుంపలిచ్చి మొక్కజొన్నలు తెచ్చుకోవాలి. వాటిని మొలకెత్తించి, ఎండబెట్టి, పులియబెట్టి, పండక్కి వచ్చేవాళ్లకు పోయడానికి కల్లు తీస్తేగాని నాలుగేళ్ల కొడుకు రుపెర్తో పుట్టువెంట్రుకలు తీయడానికి లేదు. మొదటి కత్తెర వేయాల్సిన జ్ఞానతండ్రి పదిహేను రోజుల్లో గని పనికి తిరిగి వెళ్లిపోతాడు. మళ్లీ ఏడాదికిగాని రాడు. వచ్చే ఆదివారం సంత దాకా ఆగితే ఇక అయిపోయినట్టే.

అలాంటి రోజున మరిది తన ఇంట్లో దిగిన ఫెన్నాను ఆమెకు అంటగట్టాడు. హాలెండు నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్ల, మూడు నెలల్లో ఇక్కడి కెచువా భాష వచ్చీరానట్టు నేర్చింది. మంచిదే పాపం. కాని గడ్డిపువ్వు కనబడినా ఆగుతుంది, లామా చీదినా ఫోటో తీస్తుంది, ఆపైన పుస్తకం తీసి రాసుకుంటుంది.

"ఏం రాస్తున్నావే?" అని కనుమ ఎక్కుతూ అడిగింది సతుర్నీనా.

"ఈ కొండల్లో ఎవరికీ తొందర ఉండదని రాశానక్కా."

"తొందర లేకనే చీకట్లో లేచి నీ గుమ్మం ముందు పడిగాపులు పడ్డానా?"

కనుమ మీద రాళ్లగుట్ట ఉంది. ఎక్కివచ్చిన ప్రతివాళ్లూ ఒక రాయి వేసి, బడలిక అక్కడే వదిలేసి, కొండకు దండం పెట్టుకుని దిగుతారు. సతుర్నీనా కూడా వేసింది. సగం దూరం దిగాక ఫెన్నా జేబులోంచి పచ్చటి రాయి ఒకటి తీసింది.

"చూడక్కా, ఎంత బాగుందో! ఆ గుట్టలోదే. మా అమ్మకి."

సతుర్నీనా నెత్తి కొట్టుకుంది. "ఎవరి బడలికో మూటగట్టుకొచ్చావు గదే! శుభమా అని వెంట్రుకలు తీయబోతూ కొండతో తగువా నాకు? నడు పైకి!"

"చిన్న రాయేగా? ఇక్కడే పెట్టేస్తాను."

"పక్కింట్లో ఎత్తుకొచ్చిన చెంబు దారిలో పారేస్తే ఇచ్చేసినట్టేనా?"

వెనక్కి ఎక్కడం సంతను చేతులారా పోగొట్టుకోవడమేనని ఆమెకు తెలుసు. అయినా ఎక్కింది.

వాళ్లు చేరేసరికి సంత మూటలు కట్టేస్తోంది.

"ఇప్పుడా రావడం, వదినా?" అంది మొక్కజొన్నల యూలోగియా, ఖాళీ గోనె దులుపుతూ. "గింజ మిగిలితే ఒట్టు. పండక్కి నీళ్లు పోస్తావా ఏంటి జనానికి?"

సతుర్నీనా మూటల మీద కూలబడింది. కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఫెన్నా ఎటో పరుగు తీసింది. కాసేపటికి ఒగర్చుకుంటూ వచ్చింది. చేతిలో సంచీ ఉంది, ఒంటిమీద కోటు లేదు.

"మొక్కజొన్నలక్కా! డబ్బివ్వలేదు, మీలాగే మారకం వేశా. కోటిచ్చా!"

సంచీ విప్పగానే కమ్మటి వాసన కొట్టింది. అన్నీ వేయించినవే.

యూలోగియా పగలబడి నవ్వింది. "నానబెట్టు వదినా, వచ్చే జన్మకి మొలుస్తాయి." కోటు తీసుకున్నామె అప్పటికే ట్రక్కెక్కి వెళ్లిపోయింది.

"వేయించినవైతే ఏమవుతుందక్కా?"

"మొలక రాదు. మొలక లేకపోతే కల్లు లేదు, కల్లు లేకపోతే పండగ లేదు."

ఫెన్నా ముఖం పాలిపోయింది. నాలుగు తిట్లు తిడదామనుకున్న సతుర్నీనా, కనుమ మీద చలి గుర్తొచ్చి తన శాలువా విప్పి పిల్ల భుజాల చుట్టూ బిగించి ముడేసింది.

"నువ్వు బిగుసుకుపోతే ఆ పాపం కూడా నాకే. నడు."

వణుకుతూ ఇల్లు చేరేసరికి రుపెర్తో ఎదురొచ్చాడు. సంచీలో చెయ్యిపెట్టి, గుప్పెడు గింజలు నోట్లో పోసుకుని కరకర నమిలాడు.

"పండక్కేనా అమ్మా ఇవి?"

సతుర్నీనా వాడి తల నిమరబోయింది. జడలు కట్టిన జుట్టులో వేళ్లు చిక్కుకుపోయాయి.