పక్క మంచం పాపాతి

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు దాటినా గుడియాత్తం బజారులో అదే వాదం: తెలుగువాళ్లున్న ఊళ్లు ఆంధ్రకు పోవాలా, మద్రాసులోనే ఉండాలా? బట్టల కొట్టు కేశవన్ దగ్గర రెండు పక్షాలవాళ్లూ వచ్చి కూర్చునేవాళ్లు. అతనికి ఆ మాటలేవీ తలకెక్కేవి కావు. భార్య కోమల వేలూరు ఆసుపత్రిలో ఉంది. గర్భసంచిలో పుట్టిన క్యాన్సరు రేడియం కరెంటు పెట్టాక కొన్నాళ్లు తగ్గి, మళ్లీ తిరగబెట్టింది. ఇక చేయగలిగింది నొప్పి తెలియకుండా సూది వేయడమేనని డాక్టరు చెప్పేశారు. ఆ సూది వేసేవాళ్లు గుడియాత్తంలో లేరు.

కేశవన్ బస్సెక్కి వెళ్లినప్పుడల్లా కోమల అడిగేది ఒకటే.

"మన ఈది మగ్గాల సద్దు ఇనాలని ఉండాది. నన్ను ఇంటికి పిల్చుకపోండి."

"సూది లేకుండా ఎట్లా తట్టుకుంటావు?"

పక్క మంచం మీద, లత్తేరి అనే పల్లె నుంచి వచ్చిన పాపాతి నవ్వేది. ఆమె కూలిమనిషి, రొమ్ములో గడ్డ. "అక్కకు ఇంటి మీదే పానం, అయ్యా. నిద్దర్లో కూడా తలుపు గొళ్లెం ఎయ్యమంటాది." ఊళ్లో అయితే పాపాతి కొట్టు మెట్ల కిందే నిలబడేది. ఇక్కడ కోమల తల ఆమె ఒళ్లో ఉండేది, జడ ఆమె చేతుల్లో ఉండేది.

ఒకరోజు కేశవన్ మునిసిపాలిటీ సభకు వెళ్లాడు. హద్దుల మీద అరుపులు సాగుతున్నాయి. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పనివాడు లేచి నిలబడ్డాడు.

"ఏ రాష్ట్రమన్నా కానీండి. నొప్పితో ఉండేవాళ్లకు ఇంటికొచ్చి సూది ఏసే నర్సమ్మను ఇయ్యండి."

"అది మద్రాసు సర్కారు పని గదప్పా," అన్నాడు అధ్యక్షుడు.

"అట్లయితే మద్రాసును అడగండి. మీరు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?"

మర్నాటి నుంచి కేశవన్ కొట్టు మూసి వీధులు తిరిగాడు. నేతగాళ్ల ఇళ్లలో, తోళ్ల మండీ వెనక, మూలుగు వినబడని వీధి లేదు. ఆ ఇళ్లవాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ మళ్లీ సభకు వెళ్లాడు. రెండు పక్షాలవాళ్లూ ఈ ఒక్క మాటకు కలిసి చేతులెత్తారు. వానలు వెనకబట్టాక మద్రాసు నుంచి అనుమతి వచ్చింది. మేరి అనే నర్సు వచ్చింది. కోమల ఇల్లు చేరింది.

కొన్నాళ్లు మంచం మీద కళ్లు మూసుకుని మగ్గాల చప్పుడు వింటూ పడుకుంది. తరువాత ఆ ముఖంలో ఏదో వెలితి కనబడింది.

"ఏం కావాల నీకు?"

"పాపాతి. అది ఆడనే ఉండాది. దానికీ ఇల్లుండాది గదా. లత్తేరికి నర్సమ్మ పోదా?"

"మునిసిపాలిటీ హద్దు దాటి పోగూడదంట."

"పొద్దస్తమానం హద్దులంటా అరస్తా ఉండారే. ఈ హద్దు గురించి కూడా అడగండి."

కేశవన్ వేలూరులో, పల్లెల సంగతి చూసే జిల్లా బోర్డు మెట్లెక్కాడు. వాళ్లు రేపు రమ్మన్నారు, మళ్లీ రమ్మన్నారు. ఆ తిరుగుళ్ల మధ్యే ఒక ఉదయం, అతని ఒళ్లో తల పెట్టుకుని కోమల వెళ్లిపోయింది. కర్మకాండ అయ్యాక కొట్టు తెరిచాడు గానీ కూర్చోలేకపోయాడు. ఇంటికి వెళితే మంచం, కొట్టుకు వస్తే ఆమె ఎంచి పెట్టిన చీరలు. మళ్లీ వేలూరు బస్సెక్కాడు. చివరికి బోర్డు ఒప్పుకుంది. మేరి రోజూ రైల్లో లత్తేరి వెళ్లాలి. ఆ కబురు అందగానే ఆసుపత్రివాళ్లు పాపాతిని ఇంటికి పంపారు.

మేరి మొదటిసారి వెళ్లిన రోజు కేశవన్ కూడా వెళ్లాడు. గుడిసె ముందు నులకమంచం మీద పాపాతి సన్నగా, ఎండిన పుల్లలా ఉంది. అతన్ని చూసి నవ్వి, అతని భుజం మీదుగా దారి కేసి చూసింది.

"అక్క రాలేదా, అయ్యా?"

ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. కేశవన్ నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు ఇల్లు చేరాలని శానా ఆశపడింది, పాపాతీ. సూడకుండానే పోయింది."

ఆమె కళ్లు మూసుకుంది. మేరి పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, సూది వేసింది. నొప్పి మెల్లగా వదులుతుంటే పాపాతి అడిగింది:

"నన్ను తలుచుకునేదా?"

"ఇంటికొచ్చినంక నిన్నే తలుచుకునింది."

"చెప్పయ్యా. ఇంకేం అనింది?"

కోమల పోయినప్పటి నుంచి ఆమె గురించి అతన్ని అడిగినవాళ్లు లేరు. సాయంత్రం బండికి ఇంకా పొద్దుంది. కేశవన్ చెబుతూ కూర్చున్నాడు.